పల్లె మాటకు ఒక గాదె: ‘పరి’ ఆర్కైవ్ గురించి

మా అవ్వ పోయి మూడేళ్లయింది. అంతకు ముందు సంవత్సరం సంక్రాంతి సెలవుల్లో ఆమెను పడసాలలో కూర్చోబెట్టి, ఫోన్‌లో రికార్డింగు పెట్టి, అరగంట మాట్లాడించాను. “నీ చిన్నప్పటి సంగతులు చెప్పవ్వా” అని అడిగితే, “ఏముంది నాయనా చెప్పేదానికి, పని చేసినాం, తిన్నాం, బతికినాం” అని, ఆ తర్వాత నా పిల్లల చదువుల గురించి ఆమే నన్ను అడుగుతూ ఆ అరగంటా గడిపేసింది. కరువులు చూసిన, కూలికి వెళ్లిన, ఇసుర్రాయి తిప్పిన, ఏడుగురిని కన్న మనిషికి చెప్పడానికి ఏమీ లేకపోవడం ఏమిటని నేను చాలా కాలం బాధపడ్డాను. లోపం ఆమెలో లేదని, నా ప్రశ్నలోనే ఉందని నాకు అర్థమైంది పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా అనే ఆన్‌లైన్ భాండాగారంలో, అంటే అందరూ పొట్టిగా ‘పరి’ అని పిలుచుకునే చోట, భవానీ మహతో కథ చదివిన తర్వాతనే.

భవానీ మహతోది పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లా. ‘పరి’ వ్యవస్థాపకుడు పాలగుమ్మి సాయినాథ్ ఆమెను కలిసే నాటికే ఆమెకు నూరేళ్లు దాటాయి. స్వాతంత్ర్య పోరాటం గురించి అడిగితే తనకూ దానికీ సంబంధమే లేదని, అది తన భర్త సంగతి అని ఆమె తేల్చి చెప్పేశారు. మాట ఇంటి మీదికి, పొలం మీదికి, పొయ్యి మీదికి మళ్లిన తర్వాత అసలు విషయం మెల్లగా బయటికి వచ్చింది. క్విట్ ఇండియా రోజుల్లో భర్త జైలులో ఉన్నప్పుడు ఆ పెద్ద ఉమ్మడి కుటుంబాన్ని, సేద్యాన్ని మోసింది ఆమె. అంతేకాక, అజ్ఞాతంలో తిరుగుతున్న ఉద్యమకారులకు వండిపెట్టింది కూడా ఆమే. పోరాటంలో పాల్గొన్నారా అంటే లేదన్న మనిషే, ఆ రోజుల్లో ఎవరెవరికి అన్నం పెట్టారు అంటే తన జీవితమంతా విప్పి చెప్పగలరు. మా అవ్వను నేను “చిన్నప్పటి సంగతులు” అడిగాను గానీ, తెల్లవారుజామున ఎన్ని గంటలకు లేచేదానివి, ఇసుర్రాయి దగ్గర నీకు ఎదురుగా ఎవరు కూర్చునేవాళ్లు, కూలి గింజలు ఏ శేరుతో కొలిచి పోసేవాళ్లు అని అడగలేదు. అలా అడిగి ఉంటే అరగంట చాలేది కాదు.

నేను అనంతపురం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. మూడేళ్లుగా ‘పరి’ని పాఠకుడిగానూ, పిల్లల చేత ఊళ్లో పెద్దవాళ్ల జీవిత కథలు రాయించడానికి నమూనాగానూ వాడుతున్నాను కాబట్టి, ఇదే పని చేయాలనుకునే తెలుగువాళ్లకు ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. 2014 డిసెంబరు 20న మొదలైన ఈ భాండాగారాన్ని చూడడానికి పైసా కట్టనక్కరలేదు. తెలుగుతో పాటు పదికి పైగా భారతీయ భాషల్లో ఇందులోని కథలు దొరుకుతాయి. వ్యాసాలు, ఫొటోలు, చిన్న చిత్రాలు, పాటల ధ్వనిముద్రణలు, జిల్లాజిల్లా నుంచి సేకరించిన ముఖాల ఫొటోలు, వ్యవసాయం మీద, పల్లెల మీద వెలువడిన నివేదికలను ఒకచోట చేర్చిన గ్రంథాలయం, అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి. నివేదికలు పరిశోధకులకు పనికివస్తాయి. నాకు కావలసింది మనుషుల మాట కాబట్టి దాని గురించే రాస్తాను.

ఈ భాండాగారంలో నన్ను ఎక్కువ కాలం కూర్చోబెట్టింది తిరగలి పాటల విభాగం. మహారాష్ట్ర పల్లెల్లో స్త్రీలు తెల్లవారకముందే పిండి విసురుతూ పాడుకునే ‘ఓవీ’లను హేమా రాయిర్కర్, గీ ప్వాత్వెఁ అనే ఇద్దరు పరిశోధకులు తమ బృందంతో ఊరూరా తిరిగి దశాబ్దాల పాటు సేకరించారు. అలా పోగైన పాటలు లక్షకు పైమాటే. 2017 నుంచి వాటిని ‘పరి’ విడతలు విడతలుగా మనకు వినిపిస్తూ వచ్చింది. పాట పక్కనే మరాఠీ మూలం, అనువాదం, గొంతు, ఆ గొంతు ఎవరిదో చెప్పే వివరాలు ఉంటాయి. పేరు, ఊరు, తాలూకా, జిల్లా, కులం, చేసే పని, రికార్డు చేసిన తేదీ కనిపిస్తాయి. పాత జానపద సంకలనాలు చాలావాటిలో పాట ఉంటుంది గానీ పాడిన మనిషి ఉండదు. ఒక ప్రాంతం పేరు, మహా అయితే ఒక కులం పేరు వేసి, ఆ పాట గాలిలోంచి రాలిపడినట్టు అచ్చువేసేవారు. ఇక్కడ పాట ఒక మనిషి ఇంటి గడపలోంచి వస్తుంది. బీడ్ జిల్లా మాజల్‌గావ్‌లోని భీమ్‌నగర్ స్త్రీలు అంబేద్కర్ మీద పాడిన ఓవీలు విన్నప్పుడు, ఆయన గురించి ఎన్నో ప్రసంగాలు విన్న నాకు, పిండి విసిరే చేతులకు ఆయన ఎవరో మొదటిసారిగా కొంత తెలిసింది. అత్తింటి కష్టం, అన్న మీద ప్రేమ, వాన రాని బెంగ, విఠలుడి మీద భక్తి, అన్నీ ఆ రాళ్ల మధ్యనే నలిగి పాటలయ్యాయి. పిండిమర వచ్చిన తర్వాత ఆ పాటకు చోటు లేకుండా పోయింది. మా జిల్లాలోనూ అంతే. ఇసుర్రాయి ఇప్పుడు మా పెరట్లో తులసికోట పక్కన బోర్లించి ఉంది. మా అవ్వ దాని దగ్గర ఏ పాట పాడేదో మా అమ్మకు రెండు చరణాలే గుర్తున్నాయి.

స్వాతంత్ర్య యోధుల కథలు మరో గట్టి భాగం. 1943 జూన్ 7న మహారాష్ట్రలో శెణోలి దగ్గర, సాతారాలో నడిచిన సమాంతర ప్రభుత్వపు సాయుధ దళమైన తుఫాన్ సేన, బ్రిటిష్ ప్రభుత్వపు జీతాల సొమ్ము తీసుకెళుతున్న రైలును ఆపింది. ఆ దాడికి నాయకత్వం వహించిన వాళ్లలో ఒకరైన ‘కెప్టెన్ భావు’ రామచంద్ర శ్రీపతి లాడ్ తొంభై దాటిన వయసులో కూడా ‘లూటీ’ అన్న మాటను ఒప్పుకోలేదు. మన ప్రజల దగ్గర దోచుకున్న సొమ్మును తిరిగి తెచ్చామే తప్ప లూటీ చేయలేదని ఆయన వాదన. ఆయన 2022 ఫిబ్రవరిలో కన్నుమూశారు. అదే ఏడు మార్చి 19న మన తెలంగాణ సాయుధ పోరాట యోధురాలు మల్లు స్వరాజ్యం గారూ వెళ్లిపోయారు. ఆమె రాళ్లు విసిరే వడిసెల తిప్పిన తీరు గురించి రాసినవి చదివి మా తొమ్మిదో తరగతి పిల్లలు వడిసెల అంటే ఏమిటని అడిగారు. జొన్నచేలో మంచె మీద పిట్టలను తోలిన తాతలు ఊళ్లో ఇంకా ఉన్నారు కాబట్టి, వెళ్లి అడిగి రమ్మన్నాను. మరునాడు ఒక పిల్లవాడు అల్లిన వడిసెలనే తెచ్చి బల్ల మీద పెట్టాడు. మంచె దగ్గర మొదలుపెట్టిన వాళ్ల తాత, ఆ చేను ఎవరిదో, తనకు ఏడాదికి ఎన్ని పుట్ల గింజలు ఇచ్చేవారో, ఏ అప్పుకు తాను జీతగాడుగా చేరాల్సి వచ్చిందో దాకా చెప్పాడట. ఆ పిల్లవాడికి అంతవరకు తన తాత జీతం ఉన్న సంగతే తెలియదు. ఒక వస్తువు పట్టుకుని అడగడం వల్ల కలిగే మేలు ఇది, ఈ పద్ధతిని నేను నేర్చుకున్నది ‘పరి’ కథలలోనే.

మా జిల్లా వాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసిన కథ ఒకటుంది. బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరులో పొలాల మీద ఇసుక మేటలు వేయడం గురించి 2019లో సాయినాథ్ రాశారు. సినిమావాళ్లు ఎడారి సన్నివేశాల కోసం వచ్చేటంత ఇసుక అక్కడికి ఎలా చేరిందన్నది అందులో మూలప్రశ్న. వేదవతి నది, దానినే అక్కడ హగరి అంటారు, ఎండిపోవడం, చెట్లు తరిగిపోవడం, చిరుధాన్యాల చేలలోకి శెనిక్కాయ రావడం, బోర్లు లోతుకు దిగడం, వాన తీరు మారడం, ఇవన్నీ కలిసి ఒకదానినొకటి ఎలా తోసుకొచ్చాయో అక్కడి రైతుల మాటల్లోంచే తెలుస్తుంది. వాతావరణ మార్పు గురించి పాఠ్యపుస్తకంలో ఉన్న అధ్యాయం కంటే మా పిల్లలకు ఈ కథ ఎక్కువ తలకెక్కింది. కొర్రలూ ఆరికలూ తిన్న నోరు, ఈదురుగాలికి ఇసుక తిన్న నోరు ఒకటే కాబట్టి, సాక్ష్యం అక్కడే ఉంది. పెద్దవాళ్ల జ్ఞాపకాన్ని కేవలం ముచ్చటగా చూడకుండా ఆధారంగా చూడడం ‘పరి’లో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం.

ఇక నాకున్న అసంతృప్తి. దాన్ని ఈ భాండాగారం మీద అభిమానంతోనే రాస్తున్నాను. ఇక్కడి కథలు ఎక్కువగా మొదట ఇంగ్లీషులో రూపుదిద్దుకుని, అక్కడి నుంచి మిగతా భాషలకు వెళ్తాయి. మరాఠీ రైతు కథ తెలుగులోకి రావాలంటే అది మంచి దారే, అనువాదకుల శ్రమ లేకపోతే నాకు భవానీ మహతో దొరికేవారు కాదు. కానీ అనంతపురంలోనో నల్లగొండలోనో ఒక అవ్వ తెలుగులో చెప్పిన మాట ఇంగ్లీషు చుట్టు తిరిగి మళ్లీ తెలుగులోకి వచ్చేసరికి ఆమె మాట ఆమె నోటిదిగా మిగలడం కష్టం. అనువాదకుడు ఎంత నేర్పరి అయినా, తాను వినని గొంతును తిరిగి సృష్టించలేడు. మా వైపు శెనిక్కాయ, తెలంగాణలో పల్లికాయ, పుస్తకాల్లో వేరుశనగ, ఈ మూడూ ఇంగ్లీషులో ‘గ్రౌండ్‌నట్’ అనే ఒక్క మాటగా మారతాయి. దాని నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఈ మూడింటిలో ఏది రావాలో ఎవరు చెప్పాలి? కళ్లం అన్న చిన్న మాట అటు వెళ్లి ‘ధాన్యం నూర్చే స్థలం’గా తిరిగి వచ్చే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

పంట పేర్లు పోతే నిఘంటువు చూసైనా తెచ్చుకోవచ్చు. ఇంతకంటే పెద్ద నష్టం పిలుపుల్లో ఉంది. మన పల్లెల సామాజిక చరిత్ర సగం పిలుపుల్లోనే ఉందని నా నమ్మకం. ఎవరు ఎవరిని ‘ఒరే’ అన్నారు, ఎవరు ‘సామీ’ అని బదులు పలికారు, అరవై ఏళ్ల మనిషిని పదేళ్ల పిల్లవాడు ఏకవచనంలో పిలిచే హక్కు ఏ ఇంటి వాళ్లకు ఉండేది, ఏ సంవత్సరం నుంచి అది తగ్గుతూ వచ్చింది, ‘దొర’ అన్న మాట ఎప్పుడు ‘సార్’ అయింది, ఇవన్నీ కులం గురించి, భూమి గురించి ఏ పట్టికా చెప్పనంత స్పష్టంగా చెబుతాయి. ఇంగ్లీషులో నువ్వూ మీరూ ఒకటే కాబట్టి, ఆ భాష గుండా పోయిన సంభాషణలో ఈ మెట్లన్నీ చదునైపోతాయి. తిరిగి తెలుగు చేసేవారు మర్యాద కోసం అందరి నోటా ‘మీరు’ అనే పెట్టవచ్చు. అప్పుడు ఆ పెద్దాయన అనుభవించిన అవమానం, మన మంచితనం వల్లనే, కాగితం మీద నుంచి చెరిగిపోతుంది. జీవిత కథలు రాసే మా పిల్లలకు నేను పెట్టిన మొదటి నియమం ఇదే, తాత తన మాటల్లో ‘రా’ అన్నచోట ‘రా’ అనే రాయాలి, ఎవరు ఎవరిని అన్నారో కూడా రాయాలి.

ఈ పని తెలుగులో సరైన వరుసలో ఒకసారి జరిగింది కూడా. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీలు, చిట్యాల ఐలమ్మ వంటివారు, తమ మాటల్లో తామే చెప్పుకున్నారు. ముందు తెలుగు పుస్తకం వచ్చింది, 1989లో ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. టేపు రికార్డరు మోసుకు తిరిగిన రోజుల్లో చేయగలిగిన పనిని, ప్రతి జేబులోనూ ఫోనున్న ఈ రోజుల్లో చేయలేకపోవడానికి కారణం కనిపించదు. ‘పరి’ దగ్గర కూడా దారి లేకపోలేదు, తిరగలి పాటల విభాగమే ఆ దారి. మరాఠీ గొంతు మరాఠీగానే నిలిచి, అనువాదం దాని పక్కన నిలబడింది. తెలుగు పెద్దల ప్రతి కథకూ కనీసం ఐదు నిమిషాల మూల ధ్వనిని, వాళ్ల మాట వాళ్ల యాసలో రాసిన పాఠాన్ని జతచేస్తే, ఈ సమీక్షలో నేను చెప్పిన లోటు చాలావరకు తీరుతుంది. ఆ కథలు చెప్పే వాళ్లలో చాలామందికి మరో పదేళ్ల ఆయుష్షు ఉండకపోవచ్చు కాబట్టి, ఇది తర్వాత చూసుకుందామనుకునే పని కాదు.

వయసుల విషయంలో ‘పరి’ పాటించే జాగ్రత్తను కొత్తగా ఈ పనిలోకి దిగేవాళ్లు గమనించాలి. భవానీ మహతో వయసు కచ్చితంగా ఇంత అని రాయకుండా 101కీ 104కీ మధ్య అని రాశారు. మన పెద్దవాళ్లకు పుట్టిన తేదీ ఉండదు, ఆధార్ కార్డులో ఉన్న జనవరి 1 ఎవరో గుమాస్తా వేసింది. వాళ్లకు ఉండేది కరువు లెక్క, వాన లెక్క. మా వైపు వాళ్లు “గంజి కేంద్రాలు పెట్టిన ఏడు నేను చంకలో పిల్లను” అంటే, అది 1952 నాటి రాయలసీమ కరువు. ధాత కరువు అంటే 1876లో మొదలైన ధాతు నామ సంవత్సరపు కరువు, దాన్ని చూసినవాళ్లు ఇప్పుడు లేరు గానీ, తమ అవ్వలు చెప్పగా విన్నవాళ్లు ఉన్నారు. ముందు ఆ కరువు పేరునే, వాళ్లు పలికినట్టే రాసుకుని, సంవత్సరాన్ని పక్కన వేరుగా లెక్కగట్టుకోవాలని పిల్లలకు చెబుతాను. సంవత్సరం కోసం మొండికేసి అడిగితే, పెద్దవాళ్లు మనల్ని తృప్తిపరచడానికి ఏదో ఒక అంకె చెప్పేస్తారు.

పేర్లు, కులాల సంగతి ఇంకా సున్నితమైనది. తిరగలి పాటల పక్కన కులం రాయడాన్ని నేను సమర్థిస్తాను, ఎందుకంటే పాట ఎవరి చేతి రాయి మీద పుట్టిందో తెలియకపోతే చరిత్రే లేదు. కానీ చిన్న ఊళ్లో, ఇవాళ్టికీ అదే వీధిలో ఉంటున్న షావుకారు గురించో, పెద్ద రైతు గురించో చెప్పిన మాటను పేరుతో సహా బయట పెట్టడం వేరు. మా దగ్గర ఒక పెద్దాయన అంతా చెప్పి, మరునాడు పొద్దున్నే బడికి వచ్చి, “సారూ, నిన్న చెప్పిన దాంట్లో ఆ ఇంటి పేరు తీసేయండి, మా మనవడు వాళ్ల ట్రాక్టరు తోలుతున్నాడు” అన్నారు. తీసేశాను. అందువల్ల చెప్పిన రోజున ఒకసారి, రాసింది చదివి వినిపించి ఇంకోసారి, రెండుసార్లు అనుమతి అడగడం ఇప్పుడు మాకు అలవాటు. అచ్చులో కనబడే ప్రతి కథ వెనుకా ఇలా ఆగిపోయిన మాటలు కొన్ని ఉంటాయని చదివేవాళ్లు గుర్తుంచుకుంటే మంచిది.

ఫోన్ మీద చదివేవాళ్లకు ఒక సూచన, వ్యాసాలు పొడవైనవి, ఫొటోలు ఎక్కువ. రాత్రి తీరిక చేసుకుని ఒక కథ చదవడం మేలు, వరుసగా నాలుగు చదివితే ఏ ముఖమూ గుర్తుండదు. పెద్దవాళ్లకు చూపించేటప్పుడు ఫొటోలతోనే మొదలుపెట్టండి. సాయినాథ్ 1993 నుంచి 2002 దాకా పది రాష్ట్రాల్లో తీసిన, శ్రమచేసే ఆడవాళ్ల ఫొటోల ప్రదర్శన ఒకటి ఇందులో ఉంది. ఇటుకలు మోసేవాళ్లను, నాట్లు వేసేవాళ్లను చూపిస్తుంటే మా వీధిలో ఒక పెద్దమ్మ కళ్లద్దాలు సవరించుకుని, “ఈమె తలగుడ్డ చుట్టుకున్న తీరు తప్పు, గంప జారుతాది” అని, అరగంట సేపు గంప ఎత్తడం గురించి చెప్పారు. మట్టిపనికి రోజుకు ఎంత ఇచ్చేవారో, మేస్త్రీ ఎవరో, పసిబిడ్డను ఏ చెట్టుకు ఉయ్యాల కట్టేవారో కూడా అందులోనే వచ్చాయి. మా అవ్వ దగ్గర నేను పొందలేకపోయిన అరగంట అది. బడుల కోసం ‘పరి’ ప్రత్యేకంగా పెట్టిన విద్యావిభాగం విద్యార్థుల చేత కూడా రాయించింది. ఉపాధ్యాయులు దానిని తప్పక చూడాలి.

ఈ ఎండాకాలం సెలవుల్లో మేము కపిల తోలినవాళ్ల దగ్గరికి వెళుతున్నాం. కరెంటు మోటార్లు రాకముందు మా ఊరి బావుల నుంచి నీళ్లు తోడింది ఎద్దులు లాగే మోట, అంటే కపిలే. ఎద్దులను వాలులో ముందుకు తోలుతూ, వెనక్కి నడిపిస్తూ, తోలేవాళ్లు పాడుకున్న పాటలు ఉండేవి. ఆ పాట పూర్తిగా వచ్చినవాళ్లు మా ఊళ్లో ఇద్దరే మిగిలారు, అందులో ఒకరికి వినబడడం తగ్గింది. ఐదుగురు పిల్లలు, రెండు ఫోన్లు, ఒక నోటుపుస్తకం సిద్ధంగా ఉన్నాయి. మొదటి ప్రశ్నను పిల్లలే రాసుకున్నారు: “తాతా, మీ ఎద్దుల పేర్లేమి?”